ఎరుపు కనిపించని లోతు

"నీ టార్చి ఏమైంది?" అని అడిగింది చాముండేశ్వరి.

కౌశల్ కూర్చున్న బల్లను గట్టిగా పట్టుకున్నాడు. బోటు ఒక అల మీదికెక్కి ధబ్బున దిగింది. వెనక చట్రంలో నిలబెట్టిన గాలి సిలిండర్లు ఒకదానికొకటి తగిలి ఖంగుమన్నాయి.

"దిగిన కాసేపటికే లోపలికి నీళ్ళు పోయి ఆరిపోయింది మేడమ్. స్టేట్‌మెంట్‌లో కూడా అదే చెప్పాను."

"స్టేట్‌మెంట్ చదివాను. ఇప్పుడు నువ్వు చెబితే వినాలి. మొదట్నుంచి చెప్పు."

ఫ్రీమాంటిల్ రేవు వదిలి గంట దాటింది. వాళ్ళు వెళ్తున్నది కార్మోడీ రీఫ్‌కి. సముద్రం అడుగు నుంచి గోడలా లేచిన రాతి దిబ్బ అది. దాని నెత్తి పన్నెండు మీటర్ల లోతులో ఉంటే, పాదం ముప్పై దాటిన లోతులో ఉంటుంది. కొత్తవాళ్ళను అక్కడికి తీసుకురారు. అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ ఉన్న డైవర్లే దిగుతారు. మూడు వారాల క్రితం వంశీధర్ అక్కడే చనిపోయాడు.

వంశీధర్ పెర్త్‌లో ఒక గనుల కంపెనీ ఐటీ విభాగంలో మేనేజరు. ఊరి శివారు పియారా వాటర్స్‌లో ఇల్లు, భార్య నీరజ, తొమ్మిదేళ్ళ కూతురు పింకీ. ఆరేళ్ళుగా డైవింగ్ చేస్తున్నాడు. అతనికి అది నేర్పినవాడు, ఆ రోజు అతనితో దిగినవాడు ఈ కౌశలే. ఒంగోలు నుంచి మాస్టర్స్ చేయడానికి వచ్చి, ఇక్కడి సముద్రం చూశాక కంప్యూటర్ ముందు కూర్చోలేక డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ అయిపోయాడు.

ప్రమాదం అని పోలీసులు తేల్చారు. నీరజ మాత్రం ఒప్పుకోలేదు. "స్టవ్ ఆపానో లేదో అని సగం దారి నుంచి కారు వెనక్కి తిప్పే మనిషి అక్కా ఆయన. సముద్రంలో తొందరపడతాడా?" అంది. ఆ ఒక్క మాట మీద చాముండేశ్వరి కేసు తీసుకుంది. పదకొండేళ్ళు ఒక బ్యాంకులో మోసాల విభాగంలో పనిచేసి, తర్వాత లైసెన్సు తీసుకుని సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్న మనిషి ఆమె. నలభై ఏళ్ళప్పుడు మోకాళ్ళ నొప్పికి ఈత మంచిదని డాక్టరు చెబితే నీళ్ళలోకి దిగింది. ఆ నీళ్ళు ఆమెను డైవింగ్ దాకా లాక్కొచ్చాయి. కేసు కోసం దిగడం మాత్రం ఇదే మొదటిసారి. పొద్దున్నుంచీ ఆమె గుండె కొంచెం వేగంగానే కొట్టుకుంటోంది. అది భయం వల్ల కాదని ఆమెకు తెలుసు.

"గోడ వెంబడి వెళ్తున్నాం," అన్నాడు కౌశల్. "ముప్పై మీటర్ల దగ్గర ఒక చూరు లాంటిది ఉంటుంది మేడమ్, రాయి ముందుకు పొడుచుకొచ్చి. అన్న దాని కిందికి వెళ్ళాడు. నేను వెనక ఉన్నాను. ఒక్కసారిగా కెరటం తోసింది. అన్న తల పై రాయికి కొట్టుకుంది. నోట్లోంచి గాలి పీల్చే రెగ్యులేటర్ ఊడిపోయింది."

"తర్వాత?"

"నీళ్ళంతా ఎర్రగా అయిపోయాయి. పట్టుకుందామంటే ఏమీ కనిపించట్లేదు. అన్న కిందికి జారిపోయాడు. నా గాలి అయిపోతోంది. పైకి వచ్చేశాను." అతను మణికట్టుతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ ఎరుపు ఇంకా కళ్ళముందే ఉంది మేడమ్."

అతను ఏడుస్తున్నాడు. ఆ ఏడుపులో నటన కనిపించలేదు ఆమెకు. అదే ఆమెను ఇబ్బంది పెట్టింది.

"అయిపోయిందా మేడమ్ ఇంటరాగేషన్?" అని వెనక నుంచి గొంతు వినిపించింది.

ఆదర్శ్. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున ఈ మరణం మీద విచారణ చేస్తున్నవాడు. వరంగల్లువాడు, ఆమెకన్నా పదేళ్ళు చిన్న. పోయినేడు ఒక గోదాము తగలబడిన కేసులో ఎవరో నిప్పు పెట్టారని ఆమె అంటే, వైరింగ్ లోపమని నిరూపించి ఆమెను కోర్టులో నోరెత్తకుండా చేశాడు. ఇవాళ రేవులో ఎక్కగానే నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని ఇంతవరకూ విప్పలేదు. ఈత రాదు. అలల ఊపుకు ముఖం పాలిపోయి ఉంది. నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది.

"ముప్పై మీటర్ల కింద ఏం దొరుకుతయ్ మేడమ్? మూడు వారాలైంది. చేపలు సాక్ష్యం చెప్తయా?"

"మరి నువ్వెందుకు వచ్చావు?"

"మీరు వస్తున్నరని తెలిసి వచ్చిన. రేపు చావు మీద విచారణ చేసే కరోనర్ ముందర మీరు ఏదో కథ చెప్తే, నేను కూడ అక్కడ ఉన్ననని చెప్పాలె కద." అతను వేళ్ళు మడుస్తూ చెప్పాడు. "చూడండి, తలకు దెబ్బ. ఊపిరితిత్తులల్ల నీళ్ళు. శవం గోడ పాదం దగ్గర దొరికింది. సిలిండర్‌ల సగం గాలి ఉంది. పక్కనున్న మనిషి చెప్పింది పోస్ట్‌మార్టంతోని సరిగ్గా కలిసింది. ఆరింటికల్ల ఒడ్డుకు పోంగనే రిపోర్టు పంపిస్త. తన స్థాయికి మించిన చోట దూరిండు, అజాగ్రత్త. ఫైల్ క్లోజ్."

"అజాగ్రత్త అన్న ముక్క వాళ్ళ పాప ఎప్పుడో ఒకప్పుడు చదువుతుంది ఆదర్శ్."

"చదివితే నేనేం చేస్త? అబద్ధం రాయాల్నా?"

"నిజం తెలిసేదాకా రాయకు."

"ఒక్క రాయి చూపించండి మేడమ్. మనిషి చేతుల చచ్చిండని చెప్పే ఒక్క రాయి. మీరు చెప్పింది చెప్పినట్టు నేనే రాస్త."

ఆమె అతని వంక చూడకుండా బోటు వెనక చివరికి నడిచింది. డైవర్లు నీళ్ళలోంచి ఎక్కి వచ్చే నిచ్చెన అక్కడ మడిచి కట్టి ఉంది. బోటు పాతది. కమ్మీలు, కొక్కేలు, చట్రం అన్నీ ఉప్పుగాలికి రంగు పోయి తుప్పు మరకలు పట్టి ఉన్నాయి. నిచ్చెన మాత్రం తళతళలాడుతోంది. దాన్ని బిగించిన బోల్టుల చుట్టూ పాత నిచ్చెన తాలూకు గుర్తులు ఇంకా తెల్లగా ఉన్నాయి.

"కొత్తదా?" అని ఇంగ్లీషులో అడిగింది.

స్టీరింగ్ దగ్గర నుంచి మోయ్రా తల తిప్పింది. బోటు ఆమెదే. అరవై దాటిన మనిషి, ఎండకు కాలిన చేతులు, కళ్ళచుట్టూ నవ్వు ముడతలు. కౌశల్ డైవర్లను పోగుచేసుకొస్తే ఆమె బోటు నడుపుతుంది. ఐదేళ్ళుగా ఇద్దరిదీ కలిసి పని.

"పాతది విరిగేలా ఉంటే మార్పించా," అంది మోయ్రా.

"ఎప్పుడు?"

"ఈమధ్యే. గుర్తులేదు బంగారం."

"ఆ రోజు మొదట ఎవరు పైకి వచ్చారు?"

"కౌశల్ ఒక్కడే వచ్చాడు పాపం. నేను లోపల టీ పెట్టుకుంటున్నా. కేక విని పరిగెత్తా." మోయ్రా మళ్ళీ సముద్రం వైపు తిరిగింది. "మధ్యాహ్నం గాలి లేస్తుంది. ఒక్క డైవే. తొందరగా కానివ్వండి."

*

నీళ్ళలోకి దూకగానే చప్పుళ్ళన్నీ పోయి తన ఊపిరి ఒక్కటే మిగిలింది చాముండేశ్వరికి.

రీఫ్ మీదికి వదిలిన తాడు నీలంలోకి నిట్టనిలువుగా దిగిపోతోంది. దాన్ని వదులుగా పట్టుకుని ఆమె, ఒక చేయి దూరంలో కౌశల్ దిగడం మొదలుపెట్టారు. అనుమానం ఉన్న మనిషితో ఎందుకు దిగుతున్నారని దూకే ముందు ఆదర్శ్ అడిగాడు. ఆ చోటు చూపించగలిగినవాడు ఇతనొక్కడే అని ఆమె జవాబు చెప్పింది. మోకాలి పక్కన కత్తి ఉంది. గాలి మీటరు నిండుగా చూపిస్తోంది.

పన్నెండు మీటర్ల దగ్గర రీఫ్ నెత్తి కనిపించింది. వెండిరంగు చేపల గుంపు ఒకటి రెండుగా చీలి వాళ్ళను దాటుకుని మళ్ళీ ఒకటైంది. ఆ అంచు దాటాక గోడ. కింద ఏమీ లేదు, ముదురు నీలం తప్ప. ఒళ్ళు జలదరించింది ఆమెకు. ఇంత లోతుకు ఆమె ఇదివరకు మూడు నాలుగు సార్లకన్నా ఎక్కువ దిగలేదు. కిందికి పోతున్నకొద్దీ వెచ్చని రంగులన్నీ ఒక్కొక్కటిగా జారిపోయి, చివరికి కౌశల్ ముఖం కూడా బూడిదరంగుకు వచ్చింది.

ముప్పై మీటర్లు. కౌశల్ ఆగి చేయి చాపాడు. ఇదే ఆ చూరు.

రాయి రెండు మూడు బారలు ముందుకు పొడుచుకొచ్చి ఉంది. దాని అడుగున మనిషి పట్టేంత సందు. ఆమె టార్చి వేసింది.

వెలుగు పడ్డ చోటల్లా ఒక్కసారిగా రంగులు మేలుకున్నాయి. చూరు అడుగంతా నారింజ, ఊదా రంగుల్లో పలచటి లేసు అల్లినట్టు ఏవో జీవులు పెరిగి వేలాడుతున్నాయి. అవి ఎంత పెళుసో ఆమెకు తెలుసు. డైవింగ్ క్లాసులో మొదట చెప్పేది అదే, కాలికి తొడిగే ఫిన్ తగిలినా పొడి అయిపోతాయి, మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది అని.

ఆమె వెల్లకిలా తిరిగి ఆ కొస నుంచి ఈ కొస దాకా పాకింది. అంగుళం వదలకుండా చూసింది. ఎనభై కిలోల మనిషిని, వీపు మీద సిలిండర్‌తో సహా, కెరటం ఎత్తి ఈ కప్పుకు కొట్టిందట. ఒక్క రేకు కూడా విరగలేదు.

ఇక్కడ ఎవరి తలా తగలలేదు.

తిరిగి బయటికి వస్తూ ఆమె రాతి అంచును పట్టుకుంది. అక్కడ అతుక్కుని ఉన్న ఆల్చిప్ప బ్లేడులా ఉంది. గ్లోవ్ చిరిగి వేలు తెగింది. నొప్పికి చేయి వెనక్కి లాక్కుని చూసుకుంది. టార్చి అప్పుడు రెండో చేతిలో పక్కకు తిరిగి ఉంది.

వేలి నుంచి పొగలా ఏదో లేస్తోంది. ఆకుపచ్చని పొగ.

ఒక్క క్షణం ఆమెకు అర్థం కాలేదు. విషపు జీవి ఏదైనా కుట్టిందేమో అనుకుంది. టార్చి అటు తిప్పింది. పొగ ఎర్రగా మారింది. వెలుగు పక్కకు తిప్పింది. మళ్ళీ ఆకుపచ్చ.

తన రక్తమే అది. సూర్యుడి వెలుగులో ఎరుపు ఈ లోతుదాకా రాదు. టార్చి లేని కంటికి ఇక్కడ నెత్తురు ఆకుపచ్చగానే కనిపిస్తుంది.

కౌశల్ టార్చి ఆ రోజు ఆరిపోయింది. అయినా నీళ్ళంతా ఎర్రగా అయిపోయాయన్నాడు. ఆ ఎరుపు ఇంకా కళ్ళముందే ఉందన్నాడు.

గుండె చప్పుడు చెవుల్లో వినపడసాగింది. ఆమె తల తిప్పింది. కౌశల్ కదలకుండా ఆమె వేలినే చూస్తున్నాడు. మాస్కు అద్దం వెనక అతని కళ్ళు పెద్దవయ్యాయి. అతను ఇన్‌స్ట్రక్టర్. ఆమెకు ఇప్పుడు తెలిసిన సంగతి అతనికి ఎన్నో ఏళ్ళుగా తెలుసు.

ఆమె కుడిచేయి కత్తి పిడిని ఒకసారి తడిమింది. తర్వాత నడుముకు వేలాడుతున్న ప్లాస్టిక్ పలక తీసి, నీళ్ళలో రాసే పెన్సిల్‌తో పెద్ద అక్షరాలు రాసింది.

ఎరుపు ఎక్కడ చూశావు?

కౌశల్ పలక మీది మాటలు చదివాడు. అతని ఊపిరి బుడగలు గబగబా పైకి పోతున్నాయి. అప్పుడు చేయి చాపాడు. పలక అందుకుని రాశాడు.

పైన. 5 మీటర్ల దగ్గర. అన్న ముందు నిచ్చెన ఎక్కాడు. నేను కింద ఆగాను.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. పైకి వెళ్ళే ముందు డైవర్లు ఐదు మీటర్ల దగ్గర కాసేపు ఆగుతారు. అక్కడ ఎండ బాగా దిగుతుంది. ఎరుపు ఎర్రగానే ఉంటుంది. వంశీధర్ సముద్రం అడుగున చనిపోలేదు. ఆ పడవ పక్కన, పట్టపగలు, నిచ్చెన మీద దెబ్బ తిన్నాడు. అక్కడి నుంచి నీళ్ళలోకి పడి, స్పృహ లేకుండా గోడ పాదం దాకా దిగిపోయాడు.

ఆ పడవ మీద అప్పుడున్నది ఒక్క మనిషే.

ఎందుకు? అని రాసింది.

కౌశల్ ఆమె చేయి పట్టుకుని గోడ వెంబడి తీసుకెళ్ళాడు. ఆమె రెండో చేయి మళ్ళీ కత్తి మీదికి పోయింది. కొద్ది దూరంలో రాతిలో నిలువు చీలిక ఉంది. దాని నోట లేసు జీవులన్నీ విరిగి, రాయి కొత్తగా తెల్లగా బయటపడి ఉంది. ఉలి దెబ్బలు. ఆమె టార్చి లోపలికి వేసింది.

ఫిరంగి. మనిషి పొడవున్న కంచు ఫిరంగి, సగం రాతిలో కూరుకుపోయి, పచ్చగా చిలుము పట్టి ఉంది. దాని వీపు మీద గీకి శుభ్రం చేసిన చోట పెద్ద వి అక్షరం, దాని రెండు చేతుల మీదా ఓ, సి. అప్పటి డచ్చి వర్తక కంపెనీ గుర్తు. ఫ్రీమాంటిల్ మ్యూజియంలో అద్దం వెనక పెట్టిన అలాంటి ఫిరంగి ముందు ఆమె ఎన్నోసార్లు నిలబడింది. భీమిలిలో డచ్చి సమాధుల పక్కనుంచి బడికి వెళ్ళిన పిల్ల ఆమె. మూడు నాలుగు వందల ఏళ్ళ క్రితం మసాలాల కోసం బయల్దేరి దారితప్పిన ఏదో ఓడ ఇక్కడ పగిలింది. ఆ సంగతి లోకానికి ఇంకా తెలియదు.

ఆమె ఒక్క క్షణం ఊపిరి తీసుకోవడం మరిచిపోయింది.

కౌశల్ పలక మీద ఒకే మాట రాశాడు. మోయ్రా అమ్ముకోవాలంది, అన్న మ్యూజియంకి చెప్తానన్నాడు.

అప్పుడే నీళ్ళు వణికినట్టయింది. నాలుగు దిక్కుల నుంచీ ఒకేసారి వచ్చినట్టు ఒక రొద. బోటు ఇంజను. డైవర్లు కింద ఉండగా ఇంజను వేయరు. ఎవరూ వేయరు.

*

వాళ్ళు పైకి తేలేసరికి బోటు దక్షిణాన తెల్లని నురగ గీతలా కనిపిస్తోంది. చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేదు. తాడు పై చివర కట్టిన, నీళ్ళ మీద తేలే బుడ్డ ఒక్కటే ఎగిరెగిరి పడుతోంది.

దాన్ని రెండు చేతులా కావలించుకుని ఆదర్శ్ ఉన్నాడు.

"నూకింది," అన్నాడు ఆమెను చూడగానే. పళ్ళు టకటకలాడుతున్నాయి. "నన్ను బోటు మీంచి నూకేసింది మేడమ్."

చాముండేశ్వరి అతని జాకెట్ పట్టుకుంది. రెండో చేత్తో భుజానికి కట్టుకున్న, సాయం కోసం సిగ్నల్ పంపే బీకన్ మూత లాగి మీట నొక్కింది. చిన్న దీపం వెలగసాగింది. "హెలికాప్టర్ వస్తుంది. ఎంత లేదన్నా ముప్పావుగంట పడుతుంది. ఏం జరిగిందో చెప్పు."

"కడుపుల మంచిగ లేక, నిమ్మకాయ సోడా దొరుకుతదేమోనని ఐస్‌పెట్టె తెరిచిన. తడిబట్టల చుట్టి ఒక ఇత్తడి వస్తువు ఉంది. గిదేందని అడిగిన. గంతే. నవ్వుకుంటనే దగ్గరికొచ్చి రెండు చేతులతోని నూకింది."

కౌశల్ మాస్కు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. ముఖమంతా తడి. "ఆ రోజు నేను కింద ఆగి ఉన్నాను మేడమ్. నా మీద నీళ్ళు ఎర్రబడ్డాయి. అన్న నన్ను దాటుకుని పడిపోయాడు. వెనకే దిగాను, అందలేదు. నేను పైకి వచ్చేసరికి మోయ్రా బకెట్‌తో నిచ్చెన కడుగుతోంది. జారి పడ్డాడు అంది."

"నువ్వు నమ్మావా?"

"నమ్మాలనుకున్నాను. స్టూడెంట్‌ని ఒంటరిగా పైకి పంపావని తెలిస్తే నీ లైసెన్స్ పోతుంది, సిటిజన్‌షిప్ పోతుంది, కింద జరిగిందని చెప్పు అంది." అతను తల దించుకున్నాడు. "నీరజక్క ముఖం చూడలేక అంత్యక్రియలకు కూడా వెళ్ళలేదు."

"వెళ్తావు. ఆమె దగ్గరికి నాతో వస్తావు. ఈ మాటలే చెప్తావు," అంది చాముండేశ్వరి.

అల వాళ్ళ ముగ్గురినీ పైకెత్తి దించింది. ఆదర్శ్ ఉప్పునీళ్ళు మింగి దగ్గాడు. తర్వాత ఒక చేయి బుడ్డ మీంచి తీసి, ప్యాంటు జేబులోంచి ఏదో లాగి ఆమె చేతిలో పెట్టాడు.

స్కూల్లో పిల్లల జామెట్రీ పెట్టెలో ఉండే విభాగిని లాంటిది. కాకపోతే జానెడు పొడవుంది. ఇత్తడిది. నావికులు పటాల మీద దూరం కొలిచేది.

"రాయి చూపించమన్న కద మేడమ్," అన్నాడు ఆదర్శ్. "నేనే తెచ్చిన."

ఆమెకు నవ్వొచ్చింది. ఈ మనిషి నీళ్ళలో పడుతూ కూడా సాక్ష్యం వదల్లేదు. ఆ నవ్వు పూర్తి కాకముందే వెన్నులో చలి పాకింది.

"పెట్టె మూసి వచ్చావా?"

"లేదు. మూసే టైం ఎక్కడుంది?"

మోయ్రా ఎప్పుడో ఒకప్పుడు ఆ పెట్టె వైపు చూస్తుంది. ఖాళీ బట్టలు చూస్తుంది.

దక్షిణాన తెల్లని గీత వంకర తిరిగింది. తిరిగి, గీత కాస్తా చుక్క అయింది. చుక్క పెద్దదవుతోంది.

"వెనక్కి వస్తోంది," అన్నాడు కౌశల్. ముందు ఆశగానే అన్నాడు. తర్వాత అతనూ చూశాడు. బోటు ముక్కు గాలిలోకి లేచి ఉంది. వేగం తగ్గట్లేదు. నేరుగా నారింజ జాకెట్ వైపే వస్తోంది.

చాముండేశ్వరి కత్తి దూసి ఆదర్శ్ జాకెట్ పట్టీలు కోయడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నరు? మేడమ్, నాకు ఈత రాదు."

"ఈత అక్కర్లేదు. ఇది ఉంటే నువ్వు మునగవు. మునగకపోతే చస్తావు." చివరి పట్టీ తెగింది. తన సిలిండర్‌కు ఉన్న రెండో గొట్టం, పసుపుపచ్చది, అతని నోట్లో కూరింది. "పళ్ళతో కరిచిపట్టు. ముక్కుతో పీల్చకు. నోటితో పీల్చు, నోటితో వదులు. ఏమైనా సరే ఊపిరి బిగపట్టకు. కళ్ళు మూసుకుని నన్ను పట్టుకో."

అతను ఆమె మెడ చుట్టూ చేతులు వేశాడు. పోయినేడు కోర్టులో ఆమెను నోరెత్తకుండా చేసిన మనిషి చిన్నపిల్లాడిలా కరుచుకున్నాడు. ఆమె తనను తేల్చే డైవింగ్ జాకెట్‌లోని గాలి వదిలేసింది. కౌశల్ ఆదర్శ్ కాళ్ళు పట్టుకుని కిందికి లాగాడు. ముగ్గురూ రాయిలా దిగిపోయారు.

రెండు మీటర్లు. మూడు. నాలుగు. ఆదర్శ్ చెవుల నొప్పికి గింజుకుంటున్నాడు. ఆమె అతని దవడ గట్టిగా అదిమి పట్టింది. పసుపు గొట్టంలోంచి బుడగలు గుప్పుగుప్పున వస్తున్నాయి. వస్తున్నంతసేపూ ఫరవాలేదు.

బోటు వాళ్ళ మీదుగా పోయింది. చీకటి పడ్డట్టు ఒక నీడ, దాని వెనక ప్రొపెల్లర్ కోసిన తెల్లని సుడి. ఆ తాకిడికి ముగ్గురూ బొంగరంలా తిరిగారు. పైన నారింజ జాకెట్ ముక్కలై చెదిరిపోవడం ఆమె కళ్ళారా చూసింది.

ఇంజను రొద దూరం పోయింది. మళ్ళీ దగ్గరికి వచ్చింది. మెల్లగా, ఇంకా మెల్లగా. వాళ్ళ నెత్తి మీదే ఆగిపోయింది.

నిశ్శబ్దం.

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

ఎవరో బోటు పక్కను ఇనుముతో కొడుతున్నారు. కౌశల్ ముఖం రంగు మారింది. బొటనవేలు పైకి చూపించి, కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. డైవర్లను పైకి రమ్మనే పిలుపు అది. రోజూ ఎంతోమందిని క్షేమంగా ఇంటికి చేర్చిన పిలుపు. మోయ్రాకు తొందర లేదు. వీళ్ళకు ఎంత గాలి మిగిలిందో ఆమెకు సుమారుగా తెలుసు. ఎప్పుడైనా, ఎక్కడైనా వీళ్ళు పైకి రావాల్సిందే.

చాముండేశ్వరి మీటరు చూసుకుంది. ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది. ఇద్దరు పీల్చే గాలి ఇది. ముప్పావుగంటకు కాదు గదా, పావుగంటకు కూడా చాలదు.

ఆమె ఆదర్శ్ భుజం తట్టింది. అతను ఉప్పునీటిలోనే కళ్ళు తెరిచాడు. అతని నోట్లోంచి తన పసుపు గొట్టం తీసి కౌశల్ సిలిండర్ గొట్టం పెడుతున్నంతసేపూ ఆ కళ్ళు ఆమె ముఖం మీదే ఉన్నాయి. బుడగలు మళ్ళీ మొదలయ్యాక ఆమె అతన్ని కౌశల్ చేతుల్లోకి తోసింది. బోటు ఎడమవైపు నుంచి చప్పుడు వస్తోంది. మోయ్రా వీపు వెనక నుంచి ఎక్కాలని ఆమె కుడివైపుకు తిరిగి, కత్తి పిడి అరచేతిలో బిగించి, బోటు అడుగు నీడలోకి ఈదింది.

నాచు పట్టిన అడుగు చెక్కకు వీపు ఆనించి, బుడగలు ఒకేసారి పైకి పోకుండా సన్నగా వదులుతూ, మెల్లగా అటువైపు అంచుకు చేరింది. చేయి నీళ్ళపైకి పెట్టి కమ్మీ అందుకుంది.

చప్పుడు ఆగిపోయింది. చెక్కల మీద మోయ్రా అడుగులు ఆమె వైపు నడిచి వస్తున్నాయి.